దూలం టేకో గుగ్గిలమో కోసిన చివర చూస్తేనే తెలుస్తుంది

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తు ఫ్లాటు. వన్ టౌన్‌లో మా తాతగారి పెంకుటిల్లు పోయినేడాది పడగొట్టినప్పుడు ఆరు దూలాలు, అటకకు వేసిన ఎర్రటి పలకలు కొన్ని ఉంచుకున్నాం. ఇప్పుడు పడకగదికి చెక్క పార్కే, అంటే చిన్న చెక్క ముక్కలు పేర్చి అతికించే నేల, వేయించాలని ఉంది. గది 10 అడుగులు, 12 అడుగులు. షోరూంలో ఆఫ్రికన్ టేకు, మెర్బౌ, ఓక్ చూపించి, మెర్బౌ అన్నిటికన్నా గట్టిది కాబట్టి అదే తీసుకోమన్నారు. మా వడ్రంగి మేస్త్రి మా దూలాలు బర్మా టేకని, వాటినే కోయించమని అంటాడు. మా మరిది అవి గుగ్గిలం, పొయ్యిలోకి తప్ప పనికిరావంటాడు. ఎవరి మాట నమ్మాలి? ఏ చెక్క వేయించాలి?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ మేస్త్రీ మీ మరిదీ ఇద్దరూ దూలాన్ని పక్క నుంచి చూసి మాట్లాడుతున్నారు. ఏళ్ల తరబడి పొగా సున్నం మసీ పట్టిన దూలాన్ని పక్క నుంచి చూస్తే టేకు, గుగ్గిలం, మద్ది అన్నీ ఒకే నల్ల మొహంతో ఉంటాయి. పాతింట్లోంచి ఏ దూలం దిగినా బర్మా టేకు అనేయడం మన ఊళ్లో అలవాటు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఒకప్పుడు రంగూన్‌కీ మన రేవుకీ మధ్య స్టీమర్లు తిరిగేవి, ఇటువైపు నుంచి ఎందరో అక్కడికి కూలికి వెళ్లారు, బర్మా క్యాంపు అనే పేట ఊళ్లో ఇప్పటికీ ఉంది. కానీ గుగ్గిలం అడవులు కూడా మనకి ఎంతో దూరం కాదు, ఒడిశా వైపు కొండల్లో ఉన్నాయి. రైలు పట్టాల కింద స్లీపర్లుగా ఎన్నో ఏళ్లు వేసింది ఆ చెక్కనే. కాబట్టి మీ మరిది అన్నదీ కొట్టిపారేయలేం. పొయ్యిలో పెట్టమనడం మాత్రం అన్యాయం.

ముందు దూలం చివర నుంచి అంగుళం మందాన ముక్క కోయించండి. రంపం కోసిన ముఖం మీద పొట్టు పేరుకుని ఏమీ కనపడదు, అందుకే కొత్త కట్టర్ బ్లేడుతో గోరంత మేర నున్నగా చెక్కాలి. దాని మీద రెండు చుక్కల నీళ్లు వేసి తుడవండి. వాచీ రిపేరువాళ్లు కంటికి పెట్టుకునే అద్దం ఉంటుంది చూడండి, పది రెట్లు పెద్దది చేసి చూపేది, అది చాలు. ఇప్పుడు మీరు చూస్తున్నది చెట్టు నీళ్లు తాగిన గొట్టాల మూతులు.

టేకైతే ప్రతి ఏటి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు పూసలు గుచ్చినట్టు ఒక వరసలో ఉంటాయి. ఆ తర్వాత చిన్నవి, పలచగా. అద్దం లేకపోయినా ఈ వరస కంటికి ఆనుతుంది. కొన్ని రంధ్రాల్లో తెల్లటి పొడో, పసుపుపచ్చటి పొడో కూరుకుని ఉంటుంది. గుగ్గిలానికి ఈ వరసలు ఉండవు, రంధ్రాలు ఆవాలు చల్లినట్టు అంతటా ఒకలాగే ఉంటాయి. వాటి మధ్యలో అక్కడక్కడా సుద్దముక్కతో గీసినట్టు సన్నటి తెల్ల గీత, వలయం వంపులోనే సాగుతూ కనిపిస్తుంది. అవి బంక నాళాలు. సాంబ్రాణితో పాటు నిప్పుల మీద వేసే గుగ్గిలం ఈ చెట్టు బంకే, ఆ గీతల్లో ఉన్నదీ అదే. టేకులో ఆ తెల్ల గీత ఉండదు. ఒక్కసారి కళ్లారా చూశాక ఈ రెండింటినీ మళ్లీ పొరబడరు.

తర్వాత ముక్కుకి పని చెప్పండి. అప్పుడే కోసిన టేకు కొత్త తోలు చెప్పుల దుకాణంలోకి అడుగుపెట్టినట్టు వాసనేస్తుంది. చిత్రిక పట్టిన చోట వేలితో రాస్తే కొంచెం జిడ్డుగా తగులుతుంది. రంగుని మాత్రం నమ్మకండి. తాజాగా కోసిన టేకు ఆకుపచ్చ మచ్చలతో, నల్ల చారలతో వికారంగా ఉండి, నాలుగు రోజులు ఎండ తగిలాక గానీ ఆ బంగారు రంగుకి రాదు. షోరూంలో పాలిష్ కొట్టి లైటు కింద పెట్టిన ముక్క రంగుతో మీరు తేల్చుకోగలిగేది ఏమీ లేదు.

ఇక తూకం. 30 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు, 2 మందం ఉన్న ముక్క నున్నగా చేయించి వంటింటి త్రాసులో వేయండి. ఎండిన టేకు 270 గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది. గుగ్గిలం 350 దాటుతుంది. త్రాసు లేకపోతే బకెట్ నీళ్లలో బల్లపరుపుగా వదలండి. టేకు మూడింట రెండు వంతులు మునిగి తేలుతుంది, గుగ్గిలం ముక్క పైభాగం సన్నగా మాత్రమే కనిపిస్తుంది. తూకం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, రబ్బరు చెక్క కూడా ఇంచుమించు టేకంతే తూగుతుంది. మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెబితేనే ఒప్పుకోండి. ఆరు దూలాలూ ఒకే చెట్టువి కానక్కర్లేదు, కాబట్టి ఆరింటి చివరలూ చూడాలి. పాత ఇళ్లలో మధ్యలో ఎప్పుడో ఒక దూలం మార్చి వేరే చెక్క వేసినవి చాలా చూశాను.

అటక పలకలు ఎర్రగా ఉన్నాయన్నారు కదా, వాటికి ఇంకో పరీక్ష ఉంది, పిల్లలకి కూడా సరదాగా ఉంటుంది. చిత్రిక పొట్టు గుప్పెడు గాజు గ్లాసు నీళ్లలో రాత్రి నానబెట్టండి. పొద్దున గ్లాసు వెనక నల్ల గుడ్డ పెట్టి ఎండలో చూస్తే నీళ్లలో నీలపు మెరుపు కనిపించిందా, అది వేగిస. షుగర్ ఉన్నవాళ్లు నీళ్లు పోసుకు తాగుతారని అమ్మే చెక్క గ్లాసులు ఆ చెట్టువే. మంచి గట్టి చెక్క, కానీ తడి తగిలితే పసుపు రంగు కారుస్తుంది. అందుకని నేలకి వద్దు, అల్మరా తలుపులకి వాడుకోండి.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇవన్నీ పుట్టుకతో వచ్చిన తెలివనుకుంటారు. ఇరవై ఏళ్ల కిందట లాసన్స్ బే కాలనీలో మా ముందుగదికి పార్కే వేయించాను. కొన్న దుకాణంలో టేకు అన్నారు, బిల్లు మీదా టేకు అనే ఉంది. పక్కన బ్రాకెట్‌లో చిన్న అక్షరాలతో "మలే." అని ఉంది, అది నేను చదవలేదు. నడి వేసవిలో ఏసీ వేసుకుని, పెట్టెలు విప్పిన రోజే, గోడకి గోడ ఆనేలా బిగించి వేయించాను. సందు లేకుండా ఎంత ముచ్చటగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. దసరా వానలకి బాల్కనీ గుమ్మం దగ్గర నేల బోర్లించిన పడవలా లేచింది. అడుగు వేస్తే టకటకమని చప్పుడు. భీమిలి నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిపిస్తే, రెండు ముక్కలు ఊడదీసి, ఒకదాని చివర ఉలితో ఇంత చెక్కి, "ఇది టేకు కాదు బాబూ. టేకయితే ఉలి వెన్నలో దిగినట్టు దిగుతాది. ఇదిగో, బంక గీత చూడండి" అని నా చేతిలో పెట్టాడు. మలేషియా నుంచి వచ్చే, మన గుగ్గిలానికి దాయాదైన చెక్క అది. అయితే నేల లేచింది దుకాణం వాళ్ల బ్రాకెట్ వల్ల కాదు. అసలైన టేకే అయినా, నేను వేయించిన తీరుకి కొంచెం తక్కువగానైనా లేచేది.

అదెందుకో చెబితే మీ షోరూం ప్రశ్నకి సగం జవాబు వచ్చేస్తుంది. చెక్క చచ్చిపోయాక కూడా గాలిలో తేమను బట్టి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం ఉంటే చెక్క తనలో 14 శాతం దాకా నీరు పట్టి ఉంచుకుంటుంది, 50 శాతం ఉంటే 9 దగ్గర ఆగుతుంది. మన ఊరు సముద్రం ఒడ్డున ఉంది, కిటికీలు తెరిచి ఉంచే ఇంట్లో 14 మామూలే. రాత్రుళ్లు ఏసీ నడిచే పడకగదిలో 11, 12. యూరప్ కొలతల్లో తయారైన పార్కే ముక్కల్ని 7 నుంచి 11 శాతం మధ్య ఆరబెట్టి పెట్టెలో పెడతారు. అంటే మీ గదిలోకి వచ్చాక షోరూం చెక్క ఉబ్బాలి, మీ తాతగారి దూలం చెక్క తగ్గాలి. ఉబ్బేది లేస్తుంది, తగ్గేది సందులు విడుస్తుంది. రెండింటికీ మందు ఒకటే, ఆ గదిలో దాన్ని కొన్నాళ్లు కాపురం చేయనివ్వడం. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఎంత ఉబ్బుతుందన్నది చెక్క జాతిని బట్టి ఉంటుంది. చెక్కలో తేమ 4 శాతం మారితే, ముక్కలన్నీ ఒకే వైపు తిప్పి పరిచిన పదడుగుల నేల టేకైతే 20 మిల్లీమీటర్లకు పైనే కదులుతుంది, ఓక్ అయితే 35 దాటుతుంది. ఇది కాగితం మీద లెక్క, జిగురు పట్టి ఉంచడం వల్ల అంతా బయటికి రాదు, కానీ ఆ బలం ఎక్కడో ఒక చోట తోస్తూనే ఉంటుంది. అందుకే విశాఖలో నేల చెక్క కొనేటప్పుడు గట్టిదనం కంటే ముందు కదలిక తక్కువా అని అడగాలని నా ఉద్దేశం. గట్టిదనం గోల చెప్పులతో ఇల్లంతా తిరిగే దేశాలది. మనం చెప్పులు గుమ్మం బయట విడిచి వస్తాం, పడకగదిలో ఒట్టి కాళ్లతో తిరుగుతాం. ఆ గదిలో కొబ్బరికాయ కొట్టకపోతే టేకు గట్టిదనం చాలు.

షోరూం వాళ్లు మెర్బౌ గట్టిదని చెప్పిన మాట నిజమే. నిజానికి అది కదలికలోనూ మంచిదే, టేకుకి తీసిపోదు. దాని తంటా వేరు. రంధ్రాల్లో పసుపుపచ్చటి గంధకం పొడిలాంటిది ఉంటుంది, గుర్తు పట్టడానికి అదే ఆనవాలు. నీళ్లు తగిలితే గోధుమ రంగు ఊరుతుంది, ఇనుము తగిలిన చోట నల్ల మచ్చ పడుతుంది. తడి దూది దాని పొట్టు మీద పెట్టి గంట తర్వాత చూడండి, టీ డికాషన్ రంగులో ఉంటుంది. పాలిష్ బాగున్నంత కాలం బయటపడదు, బాల్కనీ వైపు వాన జల్లు కొట్టే గదిలో పాలిష్ ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసు. పైగా న్యూగినీ అడవుల్లో దొంగ నరుకుళ్ల వల్ల పేరు పాడైన చెక్క. ఇంట్లో దూలాలు పెట్టుకుని దాన్ని కొనడం నాకు నచ్చదు.

ఆఫ్రికన్ టేకు అనేది చెట్టు పేరు కాదు, వ్యాపారం పేరు. ఘనాలోనో టాంజానియాలోనో తోటల్లో నాటి పెంచిన అసలు టేకునీ అలా అంటారు, టేకుతో ఏ చుట్టరికమూ లేని ఇరోకో, అఫ్రోర్మోసియా లాంటి చెక్కల్నీ అలాగే అంటారు. బ్రెజిలియన్ టేకు అని అమ్మేది కుమరు అనే మరో చెట్టు. అందుకని బిల్లు మీద చెట్టు శాస్త్రీయ నామం రాయించండి. టేకైతే టెక్టోనా గ్రాండిస్ అని రాయాలి. రాయడానికి నసిగితే మీకు జవాబు దొరికినట్టే. తోట టేకే అయినా తెలుపు ఎంతుందో చూడండి. చెట్టు మధ్యలో ఉండే చేవకే చెదలు పట్టవు, బెరడు పక్కన ఉండే తెల్లచెక్కకి ఆ రక్ష లేదు. చిన్న వయసులో నరికిన చెట్లలో తెల్లచెక్క పాలు ఎక్కువ. వలయాలు దగ్గరగా ఉంటే బలం ఎక్కువని అడితిలో చెప్తారు, దానికి పెద్దగా విలువివ్వకండి, చేవ ఎంతుందన్నదే అసలు లెక్క.

ఓక్ ముచ్చటైన చెక్క. దాని చివర చూస్తే నడిమి నుంచి బయటికి చక్రం ఆకుల్లా వెడల్పాటి చారలు కొట్టొచ్చినట్టు కనపడతాయి, కాబట్టి గుర్తు పట్టడం సులువు. తెల్ల ఓక్ అని చెప్పి ఎర్ర ఓక్ అంటగడుతున్నారా అని అనుమానం ఉంటే, జానెడు ముక్క ఒక చివర సబ్బు నీళ్లలో ముంచి రెండో చివర నోటితో ఊదండి. ఎర్ర ఓక్ గొట్టాలు తెరిచి ఉంటాయి, బుడగలొస్తాయి. తెల్ల ఓక్ గొట్టాలు మూసుకుపోయి ఉంటాయి, పీపాలు దానితోనే చేసేది అందుకే. అయితే నిండు ఓక్ చెక్క మన తేమకి నేను వేయించను. ఓక్ మీదే మనసుంటే కింద మెరైన్ ప్లై, పైన ఓక్ పొర ఉన్న ఇంజనీర్డ్ పార్కే తీసుకోండి. పై పొర మందం ఎంతో కొలిచి చూపించమనండి. యూరప్ ప్రమాణం ప్రకారం రెండున్నర మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే దాన్ని పార్కే అనకూడదు. అర మిల్లీమీటరు పొరైతే మళ్లీ ఒక్కసారి కూడా గీకించి పాలిష్ వేయించలేరు.

మీరు నన్ను అడిగారు కాబట్టి నా మాట: ఆరు దూలాల్లో టేకు తేలినవన్నీ కోయించి వేయించుకోండి. గుగ్గిలం తేలితే కూడా నిరాశ పడకండి. టేకు కంటే బరువు, కదలిక కూడా ఎక్కువ, మేకు దింపితే చీలుతుంది, చిత్రికకి మొండికేస్తుంది, మీ మేస్త్రి కూలి ఎక్కువడుగుతాడు. అయినా సన్నటి చిన్న ముక్కలుగా కోసి జిగురుతో వేస్తే తరాలు నిలిచే చెక్క. టేకునీ గుగ్గిలాన్నీ ఒకే చదరంలో కలపకండి, ఒకదాని వేగం ఒకదానికి పడదు. గుగ్గిలాన్ని గోడల వెంట అంచుగా వేయండి.

చెక్క సరిపోతుందా అంటే, మీ గది 120 చదరపు అడుగులు. 15 మిల్లీమీటర్ల మందంతో నేలకి దాదాపు 6 ఘనపుటడుగుల చెక్క కావాలి. దూలాల కొలత మీరు రాయలేదు. పెంకుటిళ్లలో తరచు కనిపించే ఆరు అంగుళాలు, నాలుగు అంగుళాలు, పదడుగుల పొడవు అనుకుంటే ఒక్కోటి ఒకటీ ముప్పాతిక లోపు, ఆరు కలిపి 10. మేకుల బొక్కలు, పుచ్చు, రంపపు పొట్టు కింద సగం పోతుందనుకోండి. మిగిలిన 5 ఘనపుటడుగులు 100 చదరపు అడుగులకి వస్తాయి. బాల్కనీ తలుపు దగ్గర అడుగు వెడల్పున టైలు అలాగే వదిలేయండి, వాన జల్లు దాని మీద పడుతుంది. మంచం కింద ఎవరూ చూడని చోట మచ్చ పడ్డ ముక్కలు వేయండి. అప్పుడు సరిపెట్టుకోవచ్చు.

మిల్లుకి పంపే ముందు ప్రతి దూలం మీద పెద్ద అయస్కాంతం పాకించండి. పాత మేకు తల విరిగి లోపల ఉండిపోతే పైకి నల్ల మచ్చలా తప్ప కనపడదు. బ్లేడుకి మేకు తగిలిందంటే మిల్లువాడు మీ చెక్క మళ్లీ ముట్టడు. కోయించేటప్పుడు వలయాల గీతలు ముక్క మందంలో నిలువుగా నిలబడేలా వీలైనన్ని కోయమనండి, టేకులో అలా కోసినవి మామూలు కోత వాటిలో సగమే కదులుతాయి. రెండున్నర అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు చాలు. నాలుగు పక్కపక్కన పేరిస్తే పదంగుళాల చదరం వస్తుంది, పక్క చదరాన్ని అడ్డంగా తిప్పితే చాప అల్లిక. కదలిక ఒకే వైపు పోగుపడకుండా రెండు వైపులా పంచుకుపోతుంది, పార్కే అందమంతా ఈ ఉపాయంలోంచి పుట్టిందే.

కోసిన ముక్కలు అదే పడకగదిలో, మధ్యలో పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చి, ఏసీ మీరు రోజూ వాడినట్టే వాడుతూ నెలన్నర ఉంచండి. పిన్నులు గుచ్చి చూసే తేమ మీటరు ఒకటి కొనుక్కోండి. అంకె 11, 12 దగ్గర వారం పాటు కదలకుండా ఉంటేనే మేస్త్రిని పిలవండి. టైల్స్ మీదే వేయొచ్చు, కానీ ఒక్కో టైలూ తట్టి చూసి డొల్ల మోగినవి మార్పించాలి, మెరుపు పోయేలా గీకించాలి. జిగురు పాలియురిథేన్‌ది అడగండి. నీళ్లు కలిసే తెల్ల జిగురు వద్దు, అందులో నీరే చెక్కని ఉబ్బిస్తుంది. నాలుగు గోడల దగ్గరా 12 మిల్లీమీటర్ల సందు వదిలించి స్కర్టింగుతో కప్పించండి. సందు ఎందుకని మేస్త్రి అడుగుతాడు, బిగించేస్తే నీటుగా ఉంటుందంటాడు, ఒప్పుకోకండి. గది తలుపు కింద ముప్పావు అంగుళం కోయాల్సి వస్తుంది, అది ముందే చేయించుకోండి. వేశాక బకెట్‌తో నేల కడగడం ఆ ఒక్క గదిలో మానేయాలి, బాగా పిండిన గుడ్డతో తుడవడమే.

చివరలు చెక్కి చూశాక కూడా ఏ దూలమైనా అనుమానంగా మిగిలితే రెండు దారులున్నాయి. బెంగళూరు మల్లేశ్వరంలో ఉన్న కేంద్ర ప్రభుత్వ కలప శాస్త్ర సంస్థకి అగ్గిపెట్టె అంత ముక్క పంపితే సూక్ష్మదర్శినిలో చూసి చెట్టు పేరు రాసిస్తారు. అంత అక్కర్లేదనిపిస్తే, తడిపిన చివరని పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, బాగా దగ్గర నుంచి ఫొటో తీసి నాకు పంపండి. ఫ్లాష్ మాత్రం వేయకండి, తెల్ల గీతలు దానికి మాయమైపోతాయి.